ఒడంబడికకు ఒప్పుదల ఎవరిది?
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇందాక పంచాంగ శ్రవణములో రాశివారీగా ఆదాయవ్యయములు విన్నాము. ఊళ్ళో మనవాళ్ళ ఆదాయవ్యయములను తేల్చే పుస్తకము మరొకటి ఉన్నది. దానిని మనకెవరూ చదివి వినిపించరు. మన ప్రభుత్వము పరదేశములతో చేసుకొనే వర్తక ఒడంబడికలే ఆ పుస్తకము. వాటిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. మేము చదివినది మెట్రిక్యులేషను. చేసేది రైల్వే గుమాస్తాగిరీ. పండితుల చర్చ మాచేత కాదు గాని, సంతకము విలువ మాకు తెలుసు. సరుకు పంపేవాడు తన ఒప్పుదల తెలిపినగాని రైల్వే రసీదు పుట్టదు.

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో తిరుమణి అనే ఊరున్నది. రాజ్యము కర్నాటకము, ఇండ్లలో మాట తెలుగు. వానను నమ్ముకొని శెనక్కాయ వేసే మెట్టసీమ. ఆ ఊరిలోను, చుట్టుపట్ల మరి నాలుగు గ్రామాలలోను సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. మొదటి భాగమును 2018 మార్చిలో ప్రారంభించినారు. భూమిని ప్రభుత్వము లాగుకోలేదు, కొననూ లేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేండ్లకొకసారి 5 శాతము పెంపు అని చెప్పి, రైతులతో పత్రములు వ్రాయించుకున్నారు. భూమిలేని కూలీల సంతకము మాత్రము ఎవరికీ అక్కరలేకపోయింది. ఆ చేలలో పని పోయినది వారికే. అది లోపమే. అయినా భూమి గలవానినైనా అడుగవలెనన్న నియమము పాటించినారు.

ఇక అదే ఎకరాలో పండే గింజ ధర సంగతి చూడండి. 2009 ఆగస్టు 13న మన దేశము ఆగ్నేయాసియా దేశములతో ఒడంబడిక చేసుకున్నది. అది 2010 జనవరి 1 నుండి అమలునకు వచ్చింది. ముడి పామాయిలుపై సుంకమును 80 నుండి 37.5 శాతమునకు, శుద్ధి చేసినదానిపై 90 నుండి 45 శాతమునకు 2019 చివరికి దించుతామని అందులో మాట ఇచ్చినారు. శెనక్కాయ సాగు చితికిపోవుటకు వానలేమి, తెగుళ్ళు కూడ కారణములే. నేరమంతా పామాయిలు మీద మోపము. కాని సుంకము ఎంతవరకు వేయవచ్చునో ముందే కట్టుబడుటకు తిరుమణి రైతును ఎవరు అడిగినారు? ఎకరా కౌలుకు సంతకము కావలసి వచ్చింది. ఆ ఎకరా పంట భవిష్యత్తుకు అక్కరలేకపోయింది.

మన రాజ్యాంగములో ఒక చిత్రమున్నది. కేంద్ర జాబితాలో 14వ పద్దు విదేశీ ఒడంబడికలు. రాష్ట్ర జాబితాలో 14వ పద్దు వ్యవసాయము. రెండూ తగులుకొన్నప్పుడు 253వ అధికరణము ప్రకారము ఒడంబడికను అమలుపరచే శాసనము పార్లమెంటు చేయవచ్చును. ఒడంబడికను ఖాయపరచుటకు ముందు సభ ఓటు తీసికోవలెననే నియమము మాత్రము లేదు. మంత్రివర్గము ఒప్పుకుంటే చాలు. సుంకము తగ్గింపు కూడ నోటిఫికేషనుతో జరిగిపోతుంది. తరువాత దానిని సభ ముందు ఉంచుతారు. అనగా బండి కదిలిన తరువాత టిక్కెట్టు చూపించుట!

2025 జూలై 24న బ్రిటనుతో వర్తక ఒడంబడిక మీద సంతకములైనవి. 2010 నాటి చట్టము ప్రకారము లండనులో అట్టి పత్రము 21 సభా దినములు పార్లమెంటు ముందుండవలెను. కామన్సు సభ వద్దని తీర్మానిస్తే ఆగవలెను. అదే పత్రమునకు ఢిల్లీలో అట్టి కట్టుబాటు లేదు. మనలను ఏలినవారి సభకున్న హక్కు, స్వతంత్రులమైన మన సభకు లేకపోవుట ఏమి న్యాయము?

బేరము నలుగురిలో ఆడితే చెడిపోతుందని కొందరంటారు. నిజమే. మేము బేరమును అంగడిలో పెట్టమనుట లేదు. కుదిరిన పత్రమును ఖాయపరచక ముందు చూపుమంటున్నాము. పెండ్లి మాటలు పెద్దలే మాట్లాడినా, ముహూర్తానికి ముందు పిల్లను అడుగవద్దా?

ఈ వ్యవహారములో మనమూ తటస్థులము కాము. పట్నములో చౌకగా దొరికే పామోలిన్ ప్యాకెట్టు కొనేది మనమే. ఊళ్ళో శెనక్కాయ వేసేది మన అన్నదమ్ములే. ఒకే ఇంటిలో ఇద్దరు కక్షిదారులు. అందుకే తీర్పు చాటున జరుగరాదు. చౌకనూనె మేలని సభ తేల్చితే తేల్చనీ, కాని నష్టపోయేవాని మాట విని, నష్టమునకు ఏమి ఇస్తారో చెప్పి తేల్చవలెను.

2002లో జస్టిస్ వెంకటాచలయ్య గారి అధ్యక్షతన రాజ్యాంగ సమీక్షా సంఘము, ఒడంబడికల అధికారమును క్రమబద్ధము చేసే శాసనము గురించి పార్లమెంటు ఆలోచించవలెనని సూచించింది. ఆ సూచన ఇంకను కాగితము మీదనే ఉన్నది. ఓట్లకు వచ్చే పార్లమెంటు సభ్యులను మన సభ్యులు మూడు సంగతులు అడుగవలెనని కోరుతున్నాము: ఖాయపరచక ముందు పత్రము సభకు రావలెను, వ్యవసాయమును తాకితే రాష్ట్రముల అభిప్రాయము తీసికోవలెను, దాని సారాంశము తెలుగులోను కన్నడములోను అచ్చు కావలెను. తిరుమణి రైతు ఇంగ్లీషు పత్రము చదువలేడు. తన భాషలో వ్రాస్తే తప్పులు పట్టగలడు.

నూతన సంవత్సరము ఎల్లరకు శుభము చేకూర్చుగాక. సెలవు.