నది కోసిన నేల ఎవరి లెక్కలోకి వస్తుంది?

(వరంగల్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత వరంగల్ జిల్లా అంచున, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న ఏటూరునాగారం, మంగపేటల పక్కగా గోదావరి పోతుంది. ఆ నీటి ఎత్తుకు లెక్క ఉంది. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. వానకూ లెక్క ఉంది. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజున 649.8 మిల్లీమీటర్లు పడిందని దశాంశంతో సహా రాశారు. ఒడ్డు విరిగి ఏట్లో కలిసిన మిర్చి చేనుకు మాత్రం అలాంటి లెక్క ఉండదు. రైతు చెప్పిందే లెక్క, వినే అధికారి ఉంటే.

2022లో కేంద్రం సవరించిన విపత్తు సహాయ ప్రమాణాల్లో, నది దారి మార్చుకుని భూమి పోతే సన్న, చిన్నకారు రైతులకు హెక్టారుకు 47,000 రూపాయలు అని ఉంది. ఎకరానికి 19 వేలు. మిర్చి పెట్టుబడికే అది ఏ మూలకూ రాదు, ఆ సంగతి అలా ఉంచుదాం. అందులో షరతు చూడండి: రెవెన్యూ రికార్డులో హక్కు ఉండాలి. పట్టా భర్త పేరునో, మామ పేరునో ఉంటుంది. కౌలుకు చేసే ఒంటరి స్త్రీ పేరు ఎక్కడా ఉండదు. ధరణి రికార్డులు వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్ కూడా పోయింది. అటవీ హక్కుల చట్టం, 2006 మాత్రం భార్యాభర్తలిద్దరి పేరా పట్టా ఇవ్వాలంటుంది. అడవికి పనికొచ్చిన న్యాయం ఏటి ఒడ్డుకు ఎందుకు పనికిరాదు?

అందుకే కొలత మనమే మొదలుపెట్టాలంటాను. దీనికి ఇంజనీరు అక్కర్లేదు, టేపు చాలు. జూన్‌లో, వరద రాకముందే, ఒడ్డు నుంచి బాగా లోపలికి, ప్రతి యాభై అడుగులకొకటి చొప్పున గట్టి గుంజలు పాతండి. ప్రతి గుంజ నుంచి ఒడ్డు అంచు దాకా కొలిచి, తేదీ వేసి రాయండి. వరద తీశాక మళ్లీ కొలవండి. వరద నిండుగా ఉన్నప్పుడు కాదు, తీసేటప్పుడే ఒడ్డు ఎక్కువగా విరుగుతుంది. అడుగున మట్టిని ప్రవాహం అప్పటికే తొలిచేసి ఉంటుంది. నాని బరువెక్కిన గట్టుకు అంతదాకా ఆనుకుని ఉన్న నీటి దన్ను తీసేసరికి కూలిపోతుంది. ఆ రోజుల్లో అంచున నిలబడి కొలవొద్దు, నెర్రెలు ఆగాక వెళ్లండి.

వంద మీటర్ల పొడవున సగటున ఆరు మీటర్లు పోతే 600 చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు ఆరు గుంటలు. ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది కదా అంటారు చదువుకున్నవాళ్లు. ఉచితంగా దొరికే మంచి చిత్రాల్లో కూడా ఒక్కో చుక్క పది మీటర్లు. ఇరవై ఏళ్లలో ఏరు ఎంత జరిగిందో చెప్పడానికి అవి బాగా పనికొస్తాయి. ఒక్క వానాకాలంలో పోయిన ఆరు గుంటలు వాటికి ఆనవు. ఆ ఆరు గుంటలే ఆమెకు ఏడాది తిండి.

పుస్తకంలో సర్వే నంబరు, పట్టాదారు పేరు పక్కన సాగు చేసిన మనిషి పేరు విడిగా రాయండి. గ్రామసభలో చదివి వినిపించి, సంతకాలు, వేలిముద్రలు తీసుకుని తహసీల్దారుకు ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, ముట్టినట్టు దానిమీద ముద్ర వేయించుకోండి.