పట్నపు శిష్యుడు – పల్లె గురువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పట్టణమున చదువుకొను విద్యార్థి పల్లెకు వచ్చి, చేతిపనివారి ముంగిట కొన్నాళ్లు కూర్చుండి పని నేర్చుకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని యిది మన పాత గురుకులమే. గురువు మాత్రము నేతగాడు, బొమ్మలాటగాడు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు ఇట్టి చదువునకు తగిన తావులు.

మొదటి పాఠము లేపాక్షిలో. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న వీరభద్రాలయమును 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిరి. మండపపు కప్పున చిత్రించిన స్త్రీపురుషుల వస్త్రములపై రకరకముల అంచులు, పూవులు, చారలు కలవు. వానిని చూచి ధర్మవరము చేరిన విద్యార్థికి పట్టుచీరల అంచులలో ఆ తీరులే మరల కనుపించును. కప్పున నున్న బొమ్మ మగ్గముమీదికి దిగివచ్చినదన్నమాట.

నడుమ పెనుకొండ కలదు. 1565లో తళ్లికోట యుద్ధము జరిగిన పిమ్మట విజయనగర ప్రభువులు అచట రాజధాని నెలకొల్పుకొనిరి. ప్రభువులున్న నాడు కళాకారులకు ఆశ్రయముండెను. నేడు ఆ ప్రభువులు లేరు. మరి కళను పోషించువారెవరు? శిథిలమైన కోటగోడల చెంత విద్యార్థి వేసికొనవలసిన ప్రశ్న యిదియే.

ధర్మవరము మండలములోని నిమ్మలకుంటలో ఆ ప్రశ్న మరింత సూటిగా ఎదురగును. తోలుబొమ్మలాట అచటి కుటుంబములకు తరతరముల విద్య. ఇంట మరాఠీ మాట్లాడువారు తెరవెనుక నిలిచి తెలుగున రామాయణ భారతములు పాడుదురు. మేకచర్మమును వేడినీట శుభ్రపరచి, వెండ్రుకలు గీకి, బిగించి ఎండబెట్టిన అది వెలుగు చొరబారునంత పలుచనగును. దానిపై బొమ్మ గీసి, ఉలితో రంధ్రములు కొట్టి, రంగులు వేయుదురు. పూర్వము దేవతల బొమ్మలకు జింకచర్మము వాడెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత అది చెల్లదు. ఈ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. అయినను రాత్రంతయు ఆట ఆడించుకొను ఊళ్లు తగ్గిపోయినవి. అందుచే ఆ చేతులే నేడు దీపపు తొడుగులు, గోడ అలంకారములు చేసి పొట్టపోసికొనుచున్నవి.

బొమ్మకు చర్మము కావలె, చర్మమునకు మేక, మేకకు పచ్చిక, పచ్చికకు వాన. ఈ సీమలో ఏటికి కురియు వాన తక్కువ. చెన్నేకొత్తపల్లి చెంత టింబక్టు కలెక్టివ్ వారు 1990లో 32 ఎకరముల బీడుతో పని ప్రారంభించిరి. పిమ్మట చుట్టుపట్ల గ్రామస్థులతో కూడి బోడికొండలపై వేల ఎకరములలో అడవి మరల మొలకెత్తునట్లు కాపాడిరి. చేతిపని నేర్వవచ్చినవాడు ఈ కొండలను కూడ చూడవలె. నేలను మరచిన కళ వేరులేని చెట్టు.

ఇక అసలు మాట. పట్నపు బిడ్డ నేర్వవచ్చిన పనిని ఆ యింటి బిడ్డయే విడిచి కూలికై బెంగుళూరు పోవుచుండిన, ఆ చదువు వలన ఫలమేమి? కావున శిష్యుడు కొన్ని నియమములు పాటింపవలె. నేర్పిన దినములకు గురువునకు ఉపాధ్యాయునితో సమానముగ వేతన మీయవలె. తీసికొనిపోయిన తీరునకు దాని కర్త పేరు జోడింపవలె. తాను నేర్చినదానిని ఆ యూరి పిల్లలతో కలిసి ఆ యూరి యెదుటనే ప్రదర్శింపవలె. ఆ దినమున తమ తండ్రి యుపాధ్యాయుడై కూర్చుండుట చూచిన బిడ్డకు ఆ పనిపై గౌరవము పుట్టును.

మనకును విధి కలదు. ఇరువదియైదేండ్లు పుస్తకములు భద్రపరచిన ఈ గ్రంథాలయము ఒక బీరువాలో మన చేతిపనివారి తీరులను కూడ భద్రపరచిన నష్టమేమి? ఏటికొకమారు మన ఆవరణలో తెర కట్టి, దీపము వెలిగించి, తోలుబొమ్మలవారిని పిలిచి, తగిన సంభావన యిచ్చి ఆట ఆడింపుడు. ప్రభువులు లేని కాలమున ప్రజలే ప్రభువులు.