మన ముఖము – మనవారి చూపు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, గ్రంథపఠనము వలన గలుగు లాభములను గూర్చి చెప్పుదునని వారు తలచియుందురు. ఆ లాభములు నాకంటె మీకే బాగుగా తెలియును. ఇరువదియైదేండ్లుగా చందా కట్టి చదువుచున్నవారు మీరు. అందుచేత నేడు ప్రతి యింట, ప్రతి చేత నున్న మరియొక వస్తువును గూర్చి, దానిలో మన ముఖము మనకు కనబడినపుడు మనస్సున బుట్టు సిగ్గును గూర్చి నాలుగు మాటలు విన్నవింతును. ఇది చిన్న విషయమని కొందరనవచ్చును. మా యింట నది చిన్న విషయము కాలేదు.

ఈ గ్రంథాలయము తలుపులు తెరచిన దినములలో, దూరదేశమందున్న బిడ్డతో మాటలాడవలెనన్న సూర్యాపేటకో కోదాడకో మిర్యాలగూడకో పోయి యస్.టి.డి. బూతు ముందు వరుసలో నిలువవలసియుండెను. గాజుతలుపు వెనుక ఎఱ్ఱని అంకెలు పరుగెత్తుచుండగా గబగబ నాలుగు మాటలు చెప్పి బయటికి వచ్చెడివారము. ముఖమెట్లున్నదో యను చింత ఆనాడెవ్వరికిని లేదు. బిల్లెంతయైనదో యను చింత యొక్కటియే. అటుపిమ్మట 2016వ సంవత్సరము సెప్టెంబరులో జియో వచ్చినది. అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లా యేర్పడినది. నవంబరులో వాట్సాప్ నందు వీడియో కాలు మొదలైనది. మూడు నెలలలో మూడు మార్పులు! సూర్యాపేట, కోదాడలవారికి జిల్లా కచ్చేరి దగ్గరైనది. మిర్యాలగూడవారు నల్లగొండ జిల్లాలోనే యుండిరి. కాని అమెరికా మాత్రము వారికిని మనకును సమానముగనే దగ్గరైనది.

మా తల్లి కోదాడకు సమీపమున నున్న మా స్వగ్రామమున నా యొద్దనే యుండెడిది. నా తమ్ముడు అమెరికాలో నుద్యోగము చేయుచున్నాడు. 2017లో ఒకనాటి ప్రొద్దున, వేపచెట్టు క్రింద బర్రెకు గడ్డి వేయుచున్న ఆమె ముఖమునకు జానెడు దూరమున ఫోను పట్టి, “అమ్మా, తమ్ముడు కనబడుచున్నాడు, చూడు” అంటిని. ఆమె కన్నులు చిట్లించి చూచి, “ఆ మూలకున్న ముసల్ది ఎవరు బిడ్డా?” అని యడిగెను.

అక్కడ తమ్ముడు నవ్వెను. ఇక్కడ నేను నవ్వితిని. ఆమె నవ్వలేదు. మా తండ్రి పోయినది మొదలు ఆమె అద్దము చూచుట మానివేసినది. పది సంవత్సరముల పిమ్మట తన ముఖమును చూచుకొనుట అదియే మొదలు. అదియు పండ్లు లేని నోటితో, కొడుకు ముఖము ప్రక్కన, బొటనవ్రేలంత గడిలో!

అప్పుడు నేను చేయవలసినది యొకటి, చేసినది మరియొకటి. కాలు వచ్చు వేళకు ముందే ఆమెచేత మంచి చీర కట్టించితిని. పండ్లసెట్టు పెట్టుకొమ్మంటిని. బర్రె కనబడునని, పేడ కనబడునని ఆమెను లోపలి గదికి దెచ్చి, క్రొత్తగా రంగు వేయించిన గోడ ముందర కూర్చుండబెట్టితిని. కొంగు సరిచేసికొమ్మని ప్రక్కనుండి సైగలు చేసితిని. కొలది దినములలో ఆమె ఫోనును ఒడిలో వెల్లకిల పెట్టుకొని మాటలాడుట నేర్చినది. ఎనిమిది నెలలు నా తమ్ముడు చూచినవి మా యింటి దూలములు, తిరుగుచున్న పంకా.

ఒకనాడు వాడు నన్ను వేరుగా పిలిచి, “అన్నా, అమ్మను గోడ ముంగట కూసోబెడుతున్నవేంది? ఆ యాపచెట్టు కింద కూసోబెట్టు. బర్రెను గూడ చూడాలె నేను” అన్నాడు. నేను దాచినదేదియో, వాడు చూడగోరినదియు నదియే.

మహాజనులారా! ఇది మా యింటి కథ మాత్రమే యని నేననుకొనను. సూర్యాపేటలో పట్టా పుచ్చుకొన్న యువకుడు హైదరాబాదులోని కంపెనీవారికి ఫోనులో ఇంటర్వ్యూ ఇచ్చుచు, అడిగిన ప్రశ్నను వదలి తన ముక్కును చూచుకొనుచుండును. మిర్యాలగూడలో వడ్లు మరపట్టు మిల్లు యజమాని, కొడుకు కాలు చేయునను ఆదివారము కొఱకు శనివారమే జుట్టునకు రంగు వేయించుకొనును. పెండ్లిచూపులు ఫోనులో జరుగుచున్న యింట, పిల్ల మాట వినువారికంటె ఆమె ముఖముపై దీపము సరిగా పడుచున్నదా యని చూచువారే యెక్కువ. ఈ మువ్వురిలో మనలో ప్రతివాడును తన్ను తాను గుర్తింపగలడు.

ఈ సిగ్గునకు మూలమేమి? మనుష్యులు ఎదురుబొదురుగా కూర్చుండి మాటలాడునపుడు ఎవరి ముఖము వారికి కనబడదు. అద్దము తల దువ్వుకొనుటకు, బొట్టు పెట్టుకొనుటకు. పని తీరగానే దానిని గోడకు విడిచి పోవుదుము. వీడియో కాలులో మాత్రము మాటయు అద్దమును ఒక్కచోట చేరినవి. క్షౌరశాలలోని కుర్చీలో, అద్దమున కెదురుగా కూర్చుండి పెండ్లి సంబంధము మాటలాడవలసి వచ్చినట్లున్నది మన స్థితి.

2020 మార్చిలో కరోనా కారణమున దేశమంతయు తలుపులు వేసికొనినపుడు ఈ యద్దము ప్రతివారి యెదుటికిని వచ్చినది. 2019 డిసెంబరులో జూమ్ సమావేశములలో పాల్గొనువారి లెక్క దినమునకు కోటి యుండగా, 2020 ఏప్రిలునాటికి ముప్పది కోట్లయ్యెనని ఆ కంపెనీయే ప్రకటించినది. మరుసటి సంవత్సరము స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్, ఈ కాల్స్ వలన గలుగు అలసటకు నాలుగు కారణములు చూపెను. ఎదుటివారి ముఖములు మరీ దగ్గరగా నుండి రెప్పవాల్చక చూచుచున్నట్లు తోచుట ఒకటి. మన ముఖమును మనమే యెడతెగక చూచుకొనుట రెండు. కదలక ఒకేచోట కూర్చుండుట మూడు. సైగలను సైతము పనిగట్టుకొని చేయవలసివచ్చుట నాలుగు. అక్కడివారే పదివేలమందికి పైగా ప్రశ్నించి చూడగా, మిక్కిలి అలసితిమని చెప్పినవారు స్త్రీలలో ఏడుగురికొకరు, పురుషులలో ఇరువదిమందికొకరు. ఆ యద్దపు బరువు స్త్రీలపైననే యెక్కువగా పడుచున్నదని తేలినది. ముఖమును బట్టి ఆడపిల్లకు విలువ కట్టు లోకములో ఇది వింత కాదు.

ఇంతకును ఆ గడిలో కనబడునది మన ముఖమేనా? పూర్తిగా కాదు. ఫోనును దగ్గరగా పట్టినపుడు ముందుకున్న ముక్కు పెద్దదై, వెనుకనున్న చెవులు చిన్నవై కనబడును. ఐదడుగుల దూరమునుండి తీసిన చిత్రముకంటె, 12 అంగుళముల దూరమునుండి తీసిన చిత్రములో ముక్కు వెడల్పు దాదాపు 30 శాతము హెచ్చుగా కనబడునని 2018లో అమెరికా వైద్యులు కొందరు గణితముచే లెక్కగట్టిరి. నేను జానెడు దూరమున పట్టి మా తల్లికి చూపినది ఆమె ముఖము కాదు, కటకము చేసిన తప్పు.

మరియొకటి. ఆ గడిలో సాధారణముగ మన ముఖము అద్దములోవలె కుడియెడమలు మారి కనబడును. ఎదుటివారికి మాత్రము ఉన్నదున్నట్లు కనబడును. 1977లో అమెరికాలో మీటా, డెర్మర్, నైట్ అను మువ్వురు పరిశోధకులు కొందరు స్త్రీల ఛాయాచిత్రములను రెండేసి విధములుగా ముద్రించిరి: ఉన్నదున్నట్లొకటి, అద్దములోవలె నొకటి. ఆ స్త్రీలలో నెక్కువమంది అద్దపు చిత్రమును మెచ్చుకొనిరి. వారి స్నేహితులు ఉన్నదున్నట్లు తీసినదానినే మెచ్చుకొనిరి. కన్నులకు అలవాటైన ముఖమే ఇంపైన ముఖమన్నమాట. మనలను ప్రేమించువారి కన్నులకు మన ముఖము ఏనాడో అలవాటైనది. వారికి క్రొత్తగా చేయవలసిన అలంకారమేమియు లేదు.

అందరును నన్నే చూచుచున్నారను భ్రమ యొకటి గలదు. 2000వ సంవత్సరమున కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు గిలోవిచ్, ఆయన సహచరులు ప్రకటించిన ప్రయోగమును వినుడు. ధరించుటకు సిగ్గుపడునట్టి బొమ్మగల బనియనును ఒక విద్యార్థికి తొడిగి, తోటివారున్న గదిలోనికి పంపిరి. ఇట్లు పోయినవారు గదిలోని వారిలో దాదాపు సగముమంది తమ బొమ్మను గమనించియుందురని తలచిరి. నిజముగా గమనించినది నాల్గవవంతు మాత్రమే. మిగిలినవారు ఎవరి చింతలో వారుండిరి. వీడియో కాలులోనైతే ఎదుటివాడు తన గడిని తాను చూచుకొనుచుండును. మన నెరసిన వెండ్రుకను లెక్కించు తీరిక వానికి లేదు.

ఈ సిగ్గు నేటిది కాదు. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున ఏ.టి. అండ్ టి. కంపెనీవారు ముఖము కనబడు టెలిఫోనును చూపిరి. 1970లో పిట్స్‌బర్గు నగరమున దానిని అద్దెల కిచ్చిరి. అద్దె మిక్కిలి హెచ్చు. దానికి తోడు, ఇంటిలో నున్న వేషముతో పరులకు కనబడవలెనని పెక్కుమంది కోరలేదు. కొలది యేండ్లలో అది మూలబడినది. మన ప్రాంతమునను పాతతరమువారు ఫోటో స్టూడియోలో రంగుతెర ముందర, ఊపిరి బిగబట్టి నిలిచిన చిత్రములు మన గోడలపై నేటికిని గలవు. వారు నవ్వని ఆ చిత్రములను చూచి మనము నవ్వుదుము. కాని వారు సంవత్సరమునకొకసారి, పెండ్లికో పేరంటమునకో పడిన బాధను మనము దినమునకు మూడుసార్లు పడుచున్నాము.

నలుపు తెలుపుల మాటయు చెప్పక తప్పదు. మన దేశమున ఫెయిర్ అండ్ లవ్లీ యను లేపనము 1975లో వెలువడి, నలుపు దోషమని రెండు తరములకు నేర్పినది. 2020లో దాని పేరు గ్లో అండ్ లవ్లీ యని మారినది. డబ్బీపై పేరు మారినంత త్వరగా మన పెండ్లిచూపుల మాట మారలేదు. సాగరు ఎడమకాలువ క్రింద ఎండలో నాట్లు వేసిన తల్లి చాయ, ఆ తల్లి చదివించిన కూతురి చాయ, ఫోనులో తెల్లగా కనబడలేదని విచారించుట మనకు తగునా?

ముఖమునకు తోడు ముఖము వెనుక నున్న యింటిని గూర్చిన సిగ్గొకటి కలదు. ఇది మరింత లోతైనది. 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠములు చెప్పిరి. టీవీ పిల్లవానిని తిరిగి చూడదు గనుక అందు సిగ్గు లేదు. కాని ఫోనులో తరగతులు నడపిన ప్రైవేటు పాఠశాలలో చదువుచున్న మన వీథి పిల్ల యొకతె ముఖము చూపక తరగతిలో కూర్చున్నదని చీవాట్లు తిన్నది. కారణమేమన, ఆమె వెనుక గోడకు బదులుగా యూరియా సంచులు కుట్టిన పరదా యుండెను. ఆ పిల్ల ఈ గ్రంథాలయపు అరుగుమీదికి వచ్చి, మూసిన తలుపునకు వీపు ఆనించి పాఠము విన్నది. తలుపు మూసినను అరుగు మూయలేదు గదా! అరుగుమీద ఆమె ముఖము చూపినది. కనుక ముఖము చూపనివారిని గద్దించుటకు ముందు, వారి వెనుక నేమున్నదో తెలిసికొనవలెను.

ఇక నేను నేర్చికొన్న ఉపాయములు కొన్ని. ఫోనును చేతితో పట్టక, మూరెడు దూరమున, కన్నుల యెత్తున ఆనించి పెట్టుడు. కిటికీకి వీపు గాక ముఖము పెట్టి కూర్చుండుడు; వెనుక వెలుతురున్న ముఖము నల్లబడి కనబడును. మన గడిని మరుగుపరచు వీలున్నచోట మరుగుపరచుడు. లేనిచో మా యింట చేసినట్లు చేయుడు: పాత క్యాలెండరు కాగితపు ముక్క నొకదానిని కత్తిరించి, ఆ మూలపై నంటించితిని. మా తల్లిని మరల వేపచెట్టు క్రిందనే కూర్చుండబెట్టితిని. ఆమెకు ఇప్పుడు కొడుకొక్కడే కనబడెను. అప్పుడామె యడిగిన మొదటి ప్రశ్న, “గంత సన్నగైనవేంది బిడ్డా?” అని. ఎనిమిది నెలలకు గాని ఆమె కొడుకును చూడలేకపోయినది.

కార్యవర్గమువారికి నా విన్నపమొకటి. మన పఠనమందిరమున ఉత్తరపు కిటికీ దగ్గర ఒక బల్లయు, ఫోను నిలుపుటకొక చెక్క పీటయు నుంచుడు. ఇంటర్వ్యూ ఉన్న యువకుడు, పాఠము వినవలసిన పిల్ల, యింటిలో చోటు లేనివారు అక్కడ కూర్చుండి తల యెత్తి మాటలాడుదురు. దీనివలన సిగ్గును పోషించినట్లగునేమో యని నాకును సందేహము గలదు. కాని సిగ్గు తొలగువరకు పిల్లల చదువు, ఉద్యోగము ఆగవు గదా! పుస్తకము కొనలేనివానికి పుస్తకమిచ్చుట ఈ సంస్థ ధర్మమైనపుడు, గోడ లేనివానికి గోడ యిచ్చుటయు దాని ధర్మమే.

మా తల్లి 2019లో గతించినది. పుస్తకమును మరల తెరచి చదువవచ్చును. వీడియో కాలు ముగిసిన పిమ్మట అందేమియు మిగులదు. చూచినవారి కన్నులలో మిగిలినదే మిగులుట. నా తమ్మునికి వేపచెట్టు నీడలో బోసినోటితో నవ్విన అమ్మ మిగిలినది. గోడ ముందర, దూలముల క్రింద గడచిన ఆ యెనిమిది నెలలను మాత్రము నేను వానికి తిరిగి యీయలేను.

కావున నేడు సభ ముగిసి మీరిండ్లకు పోయిన వెనుక దూరమున నున్న మీ బిడ్డ కాలు చేసినపుడు, మీరెట్లున్నారో అట్లే కనబడుడు. చేతిలో పలుగున్న పలుగుతో, చేట యున్న చేటతో. వారు పిలిచినది మిమ్ములను చూచుటకే.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చేసికొనుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.