సర్దడం, సర్దుకుపోవడం

ఈ ధర్మనిధి ఉపన్యాసానికి పిలుపు వచ్చినప్పుడు ఈ వక్త రెండో ఆలోచన లేకుండా ఒప్పుకున్నాడు. పిలుపు గౌరవమే. దానితోపాటు ఒక పాత బాకీ కూడా ఉంది. ఎవరి పేరున ఈ నిధి వెలసిందో ఆ ప్రొఫెసరు గారితో చాలా ఏళ్ల కిందట మొదలైన ఒక వాదన తేలకుండా మిగిలిపోయింది. ఆయన జీవిత విశేషాలు ఇక్కడ మళ్లీ చెప్పనక్కరలేదు. వార్డులో ఆయన వెనక నడిచిన శిష్యుడికి మాత్రం రెండు సంగతులు గుర్తున్నాయి. రోగి చెయ్యి పట్టుకునే ముందు ఆయన తన అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేవారు. రౌండ్లు ముగిశాక, ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవారి కేసుషీటు అడుగున పెన్సిలుతో ‘సర్దుబాటు బాగుంది’ అని రాసేవారు. మొదటి అలవాటు ఈ వక్తకూ అబ్బింది. పేచీ అంతా రెండోదానితోనే.

దీర్ఘరోగం మనిషి మనసును ఏం చేస్తుందన్న చర్చలో చాలా భాగం ఇప్పుడు అందరికీ తెలిసిందే. షుగరు, గుండెజబ్బు, కీళ్లవాతం, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో కుంగుబాటు తక్కినవారిలో కంటే ఎక్కువ. 1982లో మైకేల్ బ్యూరీ కీళ్లవాతం రోగులతో మాట్లాడి, జబ్బు వచ్చాక మనిషి తన గురించి తాను చెప్పుకునే కథే తెగిపోతుందన్నాడు. మరుసటి ఏడు క్యాథీ చార్మజ్, దీర్ఘరోగి పోగొట్టుకునేది ఆరోగ్యాన్నే కాదు, తానెవరన్న ఎరుకను కూడా అని రాసింది. 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీ, మద్రాసు సహా 15 కేంద్రాల్లో పనిచేసి జీవన నాణ్యతను కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది. దాని చిన్న రూపంలో 26 ప్రశ్నలు. వీటిమీద ఈ సభ కాలం ఖర్చు చేయనక్కరలేదు.

తగవు ఒక్కచోటే ఉంది.

2005లో జేసన్ రీస్, జార్జ్ లోవెన్‌స్టీన్, పీటర్ యూబెల్ తదితరులు అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. డయాలసిస్ చేయించుకుంటున్నవారు 49 మంది, వారికి జోడీగా ఎంచిన ఆరోగ్యవంతులు 49 మంది. అందరికీ అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్లు ఇచ్చారు. వారంపాటు అవి రోజుకు పలుసార్లు చెప్పాపెట్టకుండా మోగేవి. మోగినప్పుడల్లా ఆ క్షణాన మనసెలా ఉందో నొక్కాలి. వారం తిరిగాక చూస్తే రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రోగుల మనసు బాగా కుంగి ఉంటుందని ఆరోగ్యవంతులు ఊహించారు, ఆ ఊహ తప్పింది. ఈ జబ్బే రాకపోతే ఎంత సంతోషంగా ఉండేవాళ్లమో అని రోగులు వేసుకున్న అంచనా కూడా మితిమీరినదే.

అధ్యయనం నిజాయితీగా జరిగింది. రోగి బతుకు మీద జాలిపడి, ఆ బతుకుకు విలువ లేదనుకునేవారికి అది మంచి జవాబు కూడా. చిక్కల్లా దాని మీంచి జనం లాగే మాటతో వచ్చింది. ‘మనిషి దేనికైనా అలవాటు పడతాడు’ అన్న ఆ మాట పాఠ్యపుస్తకాల్లోకి, సెమినార్లలోకి, చివరికి కేసుషీటు అడుగున పెన్సిలు రాతలోకి చేరింది.

ఈ మాటకు తాతలాంటి అధ్యయనం ఒకటుంది. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ తన సహచరులతో కలిసి 22 మంది లాటరీ విజేతలను, ప్రమాదంలో అవయవాలు చచ్చుబడిన 29 మందిని, మామూలు మనుషులు 22 మందిని పోల్చాడు. కొంతకాలానికి అందరూ ఒకే తీరున సంతోషంగా ఉంటారని తేలినట్టు దాన్ని ఉదహరిస్తారు. అసలు పట్టిక చూసినవాళ్లు తక్కువ. అయిదు మార్కులకు విజేతలకు వచ్చింది 4.00, మామూలు వారికి 3.82, ప్రమాదబాధితులకు 2.96. విజేతలకూ మామూలు వారికీ తేడా లేదన్న మాట నిజం. బాధితులు మాత్రం స్పష్టంగా వెనకబడ్డారు. ఊహించినంత దుఃఖంలో లేరని రాసిన వాక్యం ఏళ్లు గడిచేకొద్దీ అసలు దుఃఖమే లేదన్న వాక్యంగా మారిపోయింది.

తరువాతి లెక్కలు దీన్ని మరింత తేటపరిచాయి. జర్మనీ, బ్రిటన్‌లలో అవే కుటుంబాలను ఏటేటా అడిగిన వివరాలను రిచర్డ్ లూకస్ 2007లో పరిశీలించాడు. దీర్ఘకాల వైకల్యం వచ్చినవారి జీవిత సంతృప్తి పడిపోయింది, ఏళ్లు గడిచినా పాత మట్టానికి రాలేదు. 2008లో ఆండ్రూ ఓస్వాల్డ్, నట్టవుద్ పౌద్‌తవీ బ్రిటన్ లెక్కలతో తేల్చింది ఇంకా సూటిగా ఉంది. కోలుకోవడం తీవ్ర వైకల్యంలో సుమారు 30 శాతం, మధ్యస్థ వైకల్యంలో 50 శాతం. అంటే అలవాటు పడటం నిజం, పూర్తిగా పడటం అబద్ధం. ఇవి వైకల్యం గురించిన లెక్కలు, డయాలసిస్‌వి కావు అని ఎవరైనా అడ్డుపడవచ్చు. అలా అడ్డుపడేవారు 49 జంటల వారం రోజుల లెక్కను ప్రపంచమంతటికీ అంటగట్టడం మీద కూడా అడ్డుపడాలి.

ఇక రెండో వైపు. అలవాటు పడ్డ మనిషి ఇచ్చిన జవాబును నమ్మవద్దనే వాదం అమర్త్య సేన్‌ది. ఆయన తరచు చూపే ఉదాహరణ 1944 నాటిది. బెంగాల్ కరువు మరుసటి ఏడు కలకత్తా దగ్గర సింగూరులో ఒక సర్వే జరిగింది. భార్య చనిపోయిన మగవారిలో 48.5 శాతం మంది ఆరోగ్యం బాగాలేదనో అంతంతమాత్రమనో చెప్పారు. భర్త చనిపోయిన ఆడవారిలో అలా చెప్పింది 2.5 శాతం. వితంతువుల ఒళ్లు బాగుండి ఇలా రాలేదని అందరికీ తెలుసు. లేమిలోనే బతికినవారికి లేమి కనబడదని సేన్ అంటాడు. ఈ వక్తకు సేన్ ఎంత గౌరవనీయుడో ఈ ఒక్క వాక్యం అంత అంగీకారం కాని మాట. ఆ ఆడవాళ్లకు తమ ఒళ్లు తెలియదని ఎందుకు అనుకోవాలి? తెలిసి, చెప్పి ప్రయోజనం లేక ఊరుకున్నారని అనుకోవడానికే ఎక్కువ ఆధారం ఉంది. ‘బాగుండలేదు’ అన్న మాట విని మజ్జిగో మందో తెచ్చిచ్చే మనిషి ఇంట్లో ఉంటేనే ఆ మాట నోట వస్తుంది.

రోగి సుఖంగా ఉన్నాడని మొదటి పక్షం, తెలియక అలా చెబుతున్నాడని రెండో పక్షం. ఇద్దరి చూపూ జవాబు మీదే ఉంది. ఆ జవాబు వెనక ఎంత పని జరిగిందో ఎవరూ అడగలేదు.

అడిగినవారు లేకపోలేదు. 1985లో జూలియట్ కార్బిన్, ఆన్‌సెల్మ్ స్ట్రాస్ దీర్ఘరోగంతో బతికే దంపతుల ఇళ్లను పరిశీలించి, అక్కడ మూడు రకాల పని నడుస్తుందన్నారు. జబ్బు పని, ఇంటి పని, తన బతుకు కథను తిరిగి అల్లుకునే పని. నలభై ఏళ్లు దాటినా ఈ మాట మన వైద్య కళాశాలల గడప తొక్కినట్టు లేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ పనిని కళ్లారా చూడవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య రెండు దశాబ్దాలకు పైగా కారణం తేలని కిడ్నీ జబ్బు నడుస్తోంది. షుగరు, బీపీ లేనివారిని కూడా పట్టుకుంటోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఇవి చిన్న సంగతులు కావు. అయినా వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటల లెక్కన మిషను మీదే ఏడాదికి 624 గంటలు. రానూపోనూ ప్రయాణం వేరు.

కవిటి వైపు ఒక ఇంట్లో ఈ వక్త కూర్చున్నాడు. ఇంటాయన ఒకప్పుడు చెట్టెక్కి కాయలు దింపినవాడు. అతిథులు వచ్చారని బొండాలు వేలితో తట్టి చూసి లేతవి ఏరి పక్కన పెట్టాడు. చెక్కింది భార్య. ఆయన తాగలేదు, తాగకూడదు. కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియాన్ని కిడ్నీలు బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. తన తోట నీళ్లే తనకు విషం.

“ఎలా ఉన్నారు?” అంటే, “బాగానే ఉన్నాం బాబూ, బండి నడుస్తోంది” అన్నాడు. ప్రశ్నావళిలో అయితే అయిదుకు నాలుగు వేసుకోవచ్చు. “నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశారు?” అని అడిగితే జవాబుకు గంటకు పైగా పట్టింది, అందులో ముప్పాతిక భార్యే చెప్పింది. పొద్దున సీసాలో కొలిచి పోసిన నీళ్లే రాత్రిదాకా, మందులు మింగే గుక్కలు కూడా అందులోవే. కూరముక్కలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వండాలి. ఇద్దరికీ ఉప్పు వేరు, గిన్నెలు వేరు. లేవగానే ఆయన ఎడమచేతిలో డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోట, అంటే ఫిస్టులా మీద, అరచెయ్యి ఆనించి ఝుమ్మంటోందో లేదో చూడాలి. అది ఆగితే గడ్డ కట్టినట్టే, వెంటనే ఆసుపత్రికి పరుగు. ఈ పని అంతా కలిపితే వచ్చిన ఫలితం పేరు ‘బాగానే ఉన్నాం’.

ఇప్పుడు ఆ పెన్సిలు మాటకు వద్దాం. తెలుగులో ‘సర్దు’కు కర్మ కావాలి. బీరువా సర్దుతాం, పెట్టె సర్దుతాం, ఎవరికైనా అవసరం పడితే డబ్బు సర్దుతాం. చేసేవాళ్లున్నారు, చేసిన పని కనబడుతుంది. ‘సర్దుకుపో’ అనగానే ఆ కర్మ మాయమవుతుంది. ఆ మాట కొత్త కోడలికి చెబుతారు, అత్తగారికి చెప్పరు. సర్దడం చూసి దాన్ని సర్దుకుపోవడంగా రాసుకోవడమే ఈ వక్త ఇన్నేళ్లుగా కాదంటున్న తప్పు. పనిగా చూస్తే ఎవరు చేస్తున్నారు, ఎన్ని గంటలు, సాయం ఎవరు అని అడగాల్సి వస్తుంది. గుణంగా చూస్తే మెచ్చుకుని వెళ్లిపోవచ్చు.

గుణంగా చూడటంలో ఇంకో అన్యాయం ఉంది. డిలన్ స్మిత్, లోవెన్‌స్టీన్, యూబెల్ తదితరులు 2009లో పేగును పొట్ట మీది సంచికి కలిపిన రోగులను ఆరు నెలలపాటు అడిగారు. సంచి శాశ్వతమని తెలిసినవారి సంతృప్తి పెరుగుతూ వచ్చింది. కొన్నాళ్లకు తీసేస్తారని తెలిసినవారిది పెరగలేదు. ఆశ ఉన్నవాళ్లే కుదుటపడలేకపోయారు. అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో కిడ్నీకి పేరు నమోదు చేసుకుని ఫోను కోసం ఎదురుచూసే మనిషి సగం నిద్రలో ఉంటాడు. అతని కేసుషీటు మీద ‘సర్దుబాటు లేదు’ అని రాస్తే, అతను ఆశ పడటాన్ని లోపంగా రాసినట్టు.

ఈ చిక్కు భాషలోనూ ఉంది. ‘ఓపిక పట్టు’లో ఓపిక అంటే సహనం. ‘లేవడానికి ఓపిక లేదు’లో ఓపిక అంటే శక్తి. డయాలసిస్ నుంచి ఇంటికి వచ్చిన మనిషికి రెండో ఓపిక ఉండదు, ఇంట్లోవాళ్లు మొదటి ఓపిక పట్టమంటారు. ఇంగ్లీషు ప్రశ్నను తెలుగు చేసేవారు ఇందులో ఏదో ఒకదాన్ని ఎంచుకుంటారు. రోగి ఇంకొకదానికి జవాబిస్తాడు.

అందుకే ఈ వక్త ఇప్పుడు పెట్టుకున్న పని వేరు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా పదాలు సేకరింపజేసి మాండలిక వృత్తిపదకోశాన్ని తెచ్చారు. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ రైతు, నేతగాడు ఏ పేర్లు వాడతారో వాళ్ల నోటనే విని రాసుకున్నారు. దీర్ఘరోగం వృత్తి కాదు, అయినా అందులో పనిముట్లున్నాయి, వేళలున్నాయి, మెళకువలున్నాయి, ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే మాటలున్నాయి. దానికీ అలాంటి కోశం కావాలి. డయాలసిస్ గదుల బయట బెంచీల మీద, షుగరు క్లినిక్కుల వరసల్లో, వంటిళ్లలో విన్న మాటలు ఒక్కో చీటీ మీద ఒక్కో ఆరోపంగా రాసుకోవడం మొదలైంది. అర్థం, వాడుక, ప్రాంతం అన్న మామూలు వివరాల కింద రెండు గడులు అదనంగా పెట్టడం జరిగింది: చేసేవారు, సమయం. ఈ సభలోని యువ వైద్యులు, నర్సులు వారానికి ఒక్క చీటీ పంపగలిగినా పని ముందుకు సాగుతుంది. ఎలా ఉంటుందో తెలియడానికి ఒకటి చదువుతాను:

ఝుమ్ము: డయాలసిస్ చేయించుకునేవారి చేతిలో ఫిస్టులా దగ్గర తగిలే అదురు. ‘ఝుమ్ము చూడటం’, అరచెయ్యి ఆనించి ఆ అదురు ఉందో లేదో చూసుకోవడం. ప్రాంతం: కవిటి. చేసేవారు: భార్య. సమయం: పొయ్యి వెలిగించకముందు.