పాత కారు, కంప్యూటరు పెట్టె



2000 ప్రాంతంలో మన కార్లలో కార్బురేటరు పోయి ఈసీఎం అనే కంప్యూటరు పెట్టె వచ్చింది. పెట్రోలు ఎంత చిమ్మాలో, స్పార్కు ఎప్పుడు రావాలో అదే చెబుతుంది.

మా పాత కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంటే, "పెట్టె మార్చాల్సిందే సార్" అన్నాడు మెకానిక్కు. నెల పెన్షను మాట! ముందు బ్యాటరీ, ఫ్యూజులు, మెయిన్ రిలే, ఎర్త్ వైరు చూడమన్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. పెట్టె విప్పితే కెపాసిటరు కారి, బోర్డుకు చిలుము పట్టి, రాగి గీతలు తినేసి ఉన్నాయి. గీతలు బాగుంటే టీవీలు బాగుచేసే కుర్రవాడే కెపాసిటరు మార్చి ఇచ్చేవాడు.

సెకండ్ హ్యాండు పెట్టె కొన్నాం. పార్టు నంబరు చివరి అక్షరందాకా కలవాలి సుమండీ! ఇమ్మొబిలైజరున్న కారయితే తాళంచెవిని ఆ పెట్టెకు జత చేయించాలి, లేకుంటే బండి స్టార్టవదు. విప్పేముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించండి.