బోటు పరుగులో లోతు చూపని సెట్టు: సంతకానికి ముందు ఏం చూడాలి
(తల్లాడలో మత్స్య సహకార సంఘాల సభ్యులకు చేసిన ప్రసంగం)

వైరా వాళ్లకు, సత్తుపల్లి వైపు వాళ్లకు, భద్రాచలం నుంచి వచ్చిన గోదావరి వాళ్లకు తల్లాడ మధ్యలో ఉంటది కాబట్టి ఇక్కడ కలిశాం.

ఇంజను బోటు తీసుకున్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "లోతు చూపే సెట్టు ఒడ్డున బాగానే పనిచేస్తది, స్పీడు అందుకోగానే అంకె పోతది. సెట్టు పాడైందా సార్?" చాలాసార్లు పాడవదు. బిగించిన తీరులోనే తప్పుంటది.

ముందు ఒక మాట. వైరా రిజర్వాయరు నిండినప్పుడు నీటిమట్టం 18.3 అడుగులు, పాలేరు 23 అడుగులు. తెప్ప మీద, చిన్న పడవ మీద మెల్లగా పోయేవాళ్లకు గెడ చాలు. ఈ సెట్టుకు డబ్బు పెట్టకండి, ఆ డబ్బుతో లైఫ్ జాకెట్లు కొనుక్కోండి. ఇది గోదావరిలో, పెద్ద జలాశయాల్లో ఇంజను మీద వేగంగా తిరిగేవాళ్లకు.

బోటు వెనక పలకకు కింద బిగించే నల్లటి ముక్క ఉంది చూశారా, అదే ట్రాన్స్‌డ్యూసర్. అది నీళ్లలోకి చప్పుడు పంపుతది, ఆ చప్పుడు నేలకు తగిలి తిరిగొస్తది. నీళ్లలో చప్పుడు సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతది. 15 మీటర్ల లోతుకు పోయి రావడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. కాబట్టి మన బోటు స్పీడు దానికి లెక్కే కాదు. దానికి శత్రువు గాలి. వేగం పెరిగేకొద్దీ బోటు అడుగున నురగ, బుడగలు లేస్తాయి. ఆ బుడగలు ముక్కను కప్పేస్తే చప్పుడు కిందికి దిగదు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. సిగ్నల్ పోయినా చాలా సెట్లలో ఆఖరి అంకె అలాగే నిలబడి మినుకుమినుకుమంటది. అది ఇప్పటి లోతు కాదు, వెనక వదిలేసిన చోటి లోతు. వరద వచ్చిపోయాక గోదావరిలో ఇసుక మేటలు జరుగుతాయి, మునిగిన మోడులు పైకి కనపడవు. అంకె మినుకుతుంటే వెంటనే వేగం తగ్గించండి. సెట్టు బాగున్నా అది చూపేది బోటు కింది లోతే, ముందున్నది కాదు. ముందు చూడాల్సింది కళ్లతోనే.

ఒక సంఘం వాళ్లు ఆరు నెలలు సెట్టును ఇంట్లో సంచిలో కట్టిపెట్టుకున్నారు. బిగించినతను బోటు అడుగు పట్టీకి సరిగ్గా వెనకే పెట్టిపోయాడు. పట్టీ లేపే నురగంతా దాని మీదే. దాన్ని జానెడు పక్కకు జరిపాం, అంతే.

మీరూ చూడొచ్చు. ఇంజను న్యూట్రల్‌లో ఉంచి కాస్త రేజు చేయండి. బోటు కదలకున్నా తెర మీద గీతలు వస్తే అది బుడగల పని కాదు, కరెంటు గోల. సెట్టు వైరును ఇంజను వైర్లకు దూరంగా తీసి, ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకి ఇవ్వండి. అలా కాకుండా బోటు పరుగులోనే అంకె పోతుంటే, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు జాకెట్ వేసుకుని పైనుంచే వెనక నీళ్లు చూడాలి. నురగ లేకుండా నున్నగా పారే చోటే దాని చోటు. ఫ్యాను రెక్కలకు కనీసం మూరెడు దూరం ఉండాలి. ఫైబర్ బోటుకు ముక్క అడుగు బోటు అడుగు కన్నా 3 మిల్లీమీటర్లు కిందికి, అల్యూమినియం బోటుకు 10 మిల్లీమీటర్లు కిందికి రావాలి. అప్పటికీ పోతుంటే ఇంకో 3 మిల్లీమీటర్లు దించండి, లేదా వెనక అంచును ఇసుమంత కిందికి వంచండి. మరీ దించితే అదే నీళ్లు చిమ్మి కొత్త నురగ లేపుతది. వలంతా ఒక పక్కన వేసి బోటు ఒరిగినా ముక్క పైకి తేలుతది, అదీ చూసుకోండి. ముక్క అడుగున పాచి పడితే సబ్బునీళ్లతో కడగండి. పెట్రోలు, థిన్నరు తగలనీయొద్దు. కొత్త రంధ్రం వేస్తే పాతదాన్ని నీరు దిగకుండా పూడ్చండి.

ఇప్పుడు డబ్బు సంగతి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వ్యక్తిగత యూనిట్లకు యూనిట్ ఖర్చులో జనరల్ వాళ్లకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం వరకు సాయం. మిగతాది మన జేబులోదో, బ్యాంకు అప్పో. మీ మంజూరు కాగితంలో, అంచనాలో సెట్టు ఉందో లేదో చదివించుకోండి. ఉంటే, ఒడ్డున అంకె చూసి "అందింది, బాగుంది" అని సంతకం పెట్టకండి. రోజూ పోయే వేగంలో, రోజూ వేసే బరువుతో అతన్నే ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పించండి. అంకె పోతే ఫోన్లో వీడియో తీయండి, తెరా కనపడాలి, ఇంజను చప్పుడూ వినపడాలి. సరిచేసి మళ్లీ తిప్పి చూపించాకే సంతకం. బిల్లు, వారంటీ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి, సంఘం ఆఫీసులో నకలు పెట్టండి.

ఇప్పటికే సంతకం పెట్టేసిన అన్నలు దిగులు పడకండి. అన్నాలు తిన్నాక బయట చెట్టు కింద పలక, బ్రాకెట్టు, స్పానరు పెట్టా. ఒక్కొక్కరు వచ్చి మీ చేత్తో బిగించి చూడండి.