మద్రాసు పక్షుల పటములు



మన ప్రాంతపు పక్షుల పటములు నూటికి పైగా సముద్రములకు ఆవల, కెనడా దేశమున, మాంట్రియాల్ నగరపు మెగిల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయములో భద్రముగా నున్నవి. అవి నీటిరంగులతో కాగితముపై వ్రాసినవి. వాని వృత్తాంతమును నేడు మీకు విన్నవింప దలచితిని.

1801వ సంవత్సరమున మద్రాసులో సుప్రీముకోర్టు ఏర్పడగా, హెన్రీ గ్విలిమ్ అను న్యాయాధిపతి ఇంగ్లాండునుండి వచ్చెను. ఆయన భార్య ఎలిజబెత్తు. ఆమె ఇచటి పక్షులను చూచి ముచ్చటపడి, ఒక్కొక్క దాని ఈకల వరుసలను సైతము తప్పిపోకుండ చిత్రించెను. పెద్ద కాగితములపై పెక్కు పక్షులు ఇంచుమించు నిజప్రమాణమున కానవచ్చును. అమెరికా పక్షులను వ్రాసి ప్రఖ్యాతుడైన ఆడుబాన్ తన గ్రంథమును ప్రకటింప మొదలిడినది 1827లో. ఈమె అంతకు ఇరువది యేండ్లకు ముందే, 1807లో, మద్రాసుననే కాలధర్మము నొందెను.

మనము విశేషముగా తలచుకొనవలసిన సంగతి యొకటి కలదు. ఆమె తెలుగు నేర్చుకొనెను. ఆనాటి ఇంగ్లీషువారు మన భాషను జెంటూ అనెడివారు. బ్రౌను దొర మద్రాసునకు వచ్చినది 1817లో. అంతకు ముందే ఒక పరదేశపు స్త్రీ మన యక్షరములు దిద్దెనన్న మాట.

ఆమె పోయిన పిదప ఆ పటములను లోకము మఱచెను. 1924లో కేసీ వుడ్ అను కంటివైద్యుడు లండనులో వానిని కనుగొని, కొని, ఆ గ్రంథాలయమునకు చేర్చెను. నీటిరంగునకు వెలుతురే శత్రువు. గోడకు తగిలించిన పటము నానాటికి వెలిసిపోవును. కావుననే గ్రంథాలయములవారు ఇట్టివానిని పెట్టెలలో నుంచి, అవసరమైనపుడే వెలికి తీయుదురు.

అయితే పక్షులను గూర్చిన జ్ఞానమంతయు పెట్టెలలోనే యున్నదని తలపరాదు. కలివికోడి యను పక్షి 1900 తరువాత కానరాకపోగా, నశించినదనియే శాస్త్రజ్ఞులు తలచిరి. 1986లో కడపజిల్లా చిట్టడవులలో అది మరల దొరకెను. దొరకుటకు తోడ్పడినవారు పెద్ద చదువులు చదివినవారు కారు, ఆ చుట్టుపట్ల పిట్టలను పట్టి బ్రదుకువారు. శాస్త్రము పోయినదన్న పక్షికి వారియొద్ద పేరు నిలిచియుండెను.

పెద్దలారా, అట్టి యెఱుక మీయొద్దను కలదు. పాలపిట్ట, లకుముకిపిట్ట, జెముడుకాకి, పూరేడు, బెగ్గురు: ఇవి ఏ కార్తెలో వచ్చునో, ఎచట గూడు కట్టునో, ఎట్లు కూయునో మీకు తెలియును. మీ మనుమలలో పెక్కుమందికి వాని పేర్లైనను తెలియవు. పటము వ్రాయుట అందఱికి చేతగాదు. పేరు వ్రాయుటకు ఒక పలకయు బలపమును చాలును. ఈ యేడు మీ చెఱువునకు వచ్చు పక్షులను ఒక్కొక్కటిగా చూపి, వాని పేర్లను బడిపిల్లలచేత వ్రాయింపుడు. ఆ పిదప వానిని ఒక పుస్తకమున ఎక్కించి, మీ యూరి గ్రంథాలయములో నుంపుడు.